మొదట పడే చేయి

భూదర్‌భాయ్ దేత్రోజా ముప్పై ఆరేళ్లలో ఏడు ఫ్యాక్టరీలు పెట్టాడు. వాటిలో రెండు మూతపడ్డాయి, ఒకటి కాలిపోయింది, నాలుగు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ నాలుగింటిలోనూ ఆయన లేడు. ఫ్యాక్టరీ నిలదొక్కుకుని, ఇక కుర్చీలో కూర్చుని చూసుకుంటే చాలు అనే దశ రాగానే ఆయనకి ఊపిరాడేది కాదు. వాటా విడదీసుకుని బయటికొచ్చి ఇంకో బీడు నేల వెతుక్కునేవాడు. గుజరాత్‌లో మా మోర్బీలో ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఈయన చేయి చూసి మిగతావాళ్లు చేతులు వేసేవాళ్లు. తేడా అక్కడుంది.

మా వైపు టైల్స్ ఫ్యాక్టరీ ఎవడూ ఒంటరిగా పెట్టడు. పది పన్నెండు మంది కలుస్తారు. బావలు, వియ్యంకులు, చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. కొత్త పని అనుకున్నప్పుడు ఎవరిదో ఒకరి తోటలో పొద్దున్నే చేరతారు. గాంఠియా అనే శనగపిండి కారప్పూస, వేయించిన పచ్చిమిరపకాయలు, సాసర్లలో పోసుకుని తాగే టీ. మధ్యలో స్టీలు పళ్లెం, అందులో కుంకుమ పెట్టిన కొబ్బరికాయ. పనిలోకి రాదలుచుకున్నవాడు దాని మీద అరచేయి ఆనించాలి. మొదట ఎవరు ఆనిస్తే కాగితాల్లో మొదటి పేరు వాళ్లది. బ్యాంకువాడు ముందు పిలిచేది వాళ్లనే, నష్టమొస్తే నలుగురూ తిట్టేదీ వాళ్లనే. ఎవరికెంత వాటా అన్న మాట చేతులన్నీ పడ్డాకే వస్తుంది. ఒకసారి పడిన చేయి వెనక్కి తీస్తే ఆ మాట వాడి కొడుకు పెళ్లి సంబంధాల దాకా వెంటాడుతుంది. అందుకని మొదటి చేయి పడేదాకా ఎవరూ కదలరు. ఖాళీ సాసరు నోటి దగ్గర పెట్టుకుని తాగుతున్నట్టు నటిస్తారు.

భూదర్‌భాయ్ ఎప్పుడూ అంతసేపు ఆగనిచ్చేవాడు కాదు. గాంఠియా నూనె చేతికి ఉండగానే కొబ్బరికాయ మీద వేసేసేవాడు. "ఇంకెందుకు గుటకలు మింగుతారు, రండి," అనేవాడు. ఆయన భార్య ఝవేర్‌బెన్‌కి ఈ సంగతి ప్రతిసారీ బయటివాళ్ల ద్వారా తెలిసేది. "ఇంట్లో బీరువా కొనాలంటే ఆరు నెలలు ఆలోచిస్తారు. నలభై ఎకరాల మీద బట్టీ పెట్టడానికి మిరపకాయ నమిలేంతసేపు కూడా పట్టదు," అని వదినలతో చెప్పి నవ్వేది. ఆ నవ్వులో కొంచెం గొప్ప కూడా ఉండేది.

యాభై తొమ్మిదో ఏట, దీపావళి వెళ్లిన వారానికి, రాజ్‌కోట్‌లో వసావడా అనే డాక్టరు ఆయనకి ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సరుందనీ, అది అక్కడ ఆగకుండా పక్కకి పాకిందనీ చెప్పాడు.

"కోసి తీసేయడానికి వేళ దాటిపోయింది. కానీ దీన్ని పడుకోబెట్టొచ్చు," అన్నాడు డాక్టరు. "దీనికి తిండి పెట్టేది మీ ఒంట్లో ఊరే మగ హార్మోను, భూదర్‌భాయ్. అది ఊరకుండా ఆపేస్తే ఇది ఆకలితో పడుంటుంది. మూడు నెలలకోసారి సూది."

"ఎన్నాళ్లు?"

"ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. క్రమం తప్పకుండా వేయించుకుంటే పదేళ్లు బతికినవాళ్లున్నారు నా దగ్గర."

"ఇంకేం పోతుంది దీనివల్ల?"

"ఒళ్లు ఉన్నట్టుండి సెగలు కక్కుతుంది. కండ తగ్గుతుంది. ఆడా మగా సంగతి..." డాక్టరు ఝవేర్‌బెన్ వైపు చూసి ఆగాడు.

"దానికేం, మనవలు పుట్టారు," అన్నాడు భూదర్‌భాయ్. "పనికేం అడ్డం లేదుగా?"

డాక్టరు లేదన్నాడు.

కారెక్కగానే భూదర్‌భాయ్ భార్య చేత కులదేవత ఉమియా మాత మీద ఒట్టు వేయించుకున్నాడు. జబ్బు మాట ఎవరికీ పొక్కకూడదు. బరోడాలో ఉన్న కూతురికి కూడా. "నాకు ఈ రోగముందని తెలిస్తే నా చేయి చూసి ఎవడూ రాడు. సగంలో పోయేవాడి పక్కన ఎవడు కూర్చుంటాడు?" అన్నాడు. అది నిజమే. ఝవేర్‌బెన్ వాదించలేదు. సూది తేదీలు వంటింటి క్యాలెండరులో గ్యాస్ సిలిండరు తేదీలాగా చిన్న గుండ్రం చుట్టి రాసుకుంది.

సూదులు పనిచేశాయి. రక్తపరీక్షలో జబ్బు అంకె నేలకి దిగింది. భూదర్‌భాయ్ మాత్రం మెల్లగా వేరే మనిషి అయ్యాడు. మొదట చలికాలంలో ఫ్యాను కింద చొక్కా విప్పుకుని కూర్చోవడం మొదలైంది. తర్వాత పొద్దున్నే స్కూటరేసుకుని ఖాళీ నేలలు చూసి రావడం మానేశాడు. టీవీలో భజనలు చూస్తూ కూర్చునేవాడు. కోపం పోయింది. పనిమనిషి గాజు గ్లాసు పగలగొడితే "పోనీలే అమ్మా, కాలికి గుచ్చుకుందా?" అన్నాడు. ఆ మాట విని ఝవేర్‌బెన్ వంటింట్లోకెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఒక పరీక్షకి వెళ్లినప్పుడు ఆయన డాక్టరుతో అన్నాడు. "నొప్పేం లేదు సాహెబ్. కానీ ఏదీ కావాలనిపించట్లేదు. నేల చూస్తే నేలలాగే ఉంది. ఇదివరకు నేల చూస్తే షెడ్డు కనపడేది."

"కొందరికి అలా ఉంటుంది," అన్నాడు డాక్టరు. "కొత్త వ్యాపారాల్లోకి దిగే మగవాళ్లలో ఆ హార్మోను కాస్త ఎక్కువుంటుందని కొన్ని పరిశోధనలున్నాయి. అలాంటిదేం లేదన్నవీ ఉన్నాయి. అవన్నీ గుంపు లెక్కలు భూదర్‌భాయ్, ఒక మనిషి మీదికి తెచ్చి చెప్పకూడదు."

ఈ నాలుగు మాటల్లో భూదర్‌భాయ్ మొదటి రెండూ ఇంటికి పట్టుకెళ్లాడు. మిగతా రెండూ అక్కడే వదిలేశాడు.

ఇక్కడ కరమ్‌శీ సనారియా గురించి చెప్పాలి. ఆయనదీ భూదర్‌భాయ్‌దీ ఒకే పల్లె. ఏడు ఫ్యాక్టరీల్లో అయిదింటిలో రెండో చేయి కరమ్‌శీదే. మొదటి చేయి ఎన్నడూ కాదు. సన్నగా, ఎప్పుడూ ఏదో లెక్కేసుకుంటూ ఉండే మనిషి. జబ్బు బయటపడక ముందు వేసవిలో భూదర్‌భాయే ఆయన్ని ఎగదోశాడు. "ఆ బాత్రూము గోడల టైల్సు ఇంకెవడు కొంటాడ్రా? విడిపోయి బయటికి రా. మంచమంత పలకలు చేద్దాం. ఇద్దరం కలిసి చివరిగా ఒకటి పెడదాం." కరమ్‌శీ నమ్మి పాత వాటా వదులుకున్నాడు. హల్వద్ రోడ్డులో నేలకి బయానా ఇచ్చాడు. ఇక పిలుపు కోసం చూస్తూ కూర్చున్నాడు. దీపావళి పోయింది, హోలీ పోయింది, ఇంకో దీపావళి కూడా పోయింది. ఇంటికొచ్చి అడిగితే భూదర్‌భాయ్ "చూద్దాం" అనేవాడు. ఆ మాట ఆయన నోట కరమ్‌శీ ఎప్పుడూ వినలేదు. "పెద్ద ఎత్తేదో వేస్తున్నాడు," అని పైకి చెప్పుకుని లోపల భయపడేవాడు.

చివరికి అఖాత్రీజ్, అంటే అక్షయ తృతీయ నాడు కరమ్‌శీ తనే అందరినీ కూర్చోబెట్టాడు. సూదులు మొదలై అప్పటికి ఏడాదిన్నర. అంబారామ్ కాసుంద్రా తోటలో పదకొండు మంది చేరారు. గాంఠియా అయిపోయింది, టీ రెండుసార్లు తిరిగింది. భూదర్‌భాయ్ గోడకి ఆనుకుని కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"కాకా, మిరపకాయ కారం తగ్గిందా ఈసారి?" అన్నాడు ఒకడు ఎగతాళిగా.

"బాగుందిరా," అన్నాడు భూదర్‌భాయ్.

"మరి చేయెందుకు కదలట్లేదు?"

అందరూ నవ్వారు. భూదర్‌భాయ్ కూడా నవ్వాడు. పళ్లెం వైపు చూశాడు. ఆ క్షణంలో ఏమనిపించిందో తర్వాత ఆయన భార్యకి చెప్పాడు. భయం లేదట. అనుమానం లేదట. కొబ్బరికాయ కొబ్బరికాయలా ఉందట, అంతే. ఎవరింట్లోనో పెళ్లికి పిలిస్తే వెళ్లి కూర్చున్నట్టు ఉందట.

పావుగంట తర్వాత అంబారామ్ గొంతు సవరించుకుని, "ఎండెక్కుతోంది," అన్నాడు. ఒక్కొక్కరే లేచి చెప్పులేసుకున్నారు. కరమ్‌శీ కూర్చున్నచోటే ఉండిపోయాడు.

మరునాడు ఉదయానికి గాంఠియా కొట్ల దగ్గర వార్త తిరిగింది. భూదర్‌భాయ్ చేయి వేయలేదట. అయితే ఆయనకేదో తెలుసు. బట్టీల గ్యాస్ ధర పెంచబోతున్నారని ఒకడన్నాడు. అరబ్బు దేశాలు మన టైల్స్ ఆపేస్తున్నాయట, ఈయన కూతురి మామగారికి అక్కడ మనుషులున్నారని ఇంకొకడన్నాడు. "ఏడాదిన్నరగా నోరు మెదపకుండా కూర్చుంటే అప్పుడే అనుకున్నాను," అని అంబారామ్ తేల్చేశాడు. వారం తిరక్కముందే మరో రెండు గుంపులు తమ కూర్చోవడాలు వాయిదా వేసుకున్నాయి. యంత్రాలమ్మే ఇటలీ కంపెనీ మనిషి ఆర్డర్లు లేక అహ్మదాబాద్ వెళ్లిపోయాడు. ఒక మనిషి ఒంట్లో హార్మోను పడిపోతే ఊరంతా దాన్ని బజారు జోస్యంగా చదువుకుంది. సరిదిద్దగలిగినవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒకరు ఒట్టేశారు, ఇంకొకరు వేయించుకున్నారు.

కరమ్‌శీ ఆ వారమే వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"నీకు తెలిసిందేంటో నాకు చెప్పు భూదరియా. మిగతావాళ్లకొద్దు, నాకు చెప్పు."

"నాకేం తెలీదురా."

"అబద్ధమాడకు. నీ మాట మీద నడుస్తున్న ఫ్యాక్టరీ వదులుకొచ్చాను. ఇంట్లో కూర్చుంటే నా కోడలు కూరగాయలు తెమ్మని సంచి చేతికిస్తోంది. తెలుసా నీకు?"

"తేవచ్చుగా, దానికేం."

కరమ్‌శీ చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. "నువ్వేనా ఈ మాటన్నది?" అని లేచి వెళ్లిపోయాడు. ఝవేర్‌బెన్ మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో నిలబడిపోయింది.

తర్వాతి సూది శ్రావణంలో. భూదర్‌భాయ్ ఒక్కడే రాజ్‌కోట్ వెళ్లి సాయంత్రానికి వచ్చాడు. సూది వేసినప్పుడల్లా ఆ మందు డబ్బా మీది చిన్న కాగితం చీటీ ఊడదీసి ఫైల్లో అంటిస్తారు. రెండ్రోజుల తర్వాత ఝవేర్‌బెన్ ఫైలు తెరిస్తే కొత్త చీటీ లేదు.

"సూది వేయించుకోలేదా?"

"ఆస్పత్రి గేటు దాకా వెళ్లాను. పక్కన హోటల్లో రొట్టె, వంకాయ పచ్చడి తిని వచ్చేశాను."

"ఎందుకు?"

"నాలో ఉన్నదేదో ఆ సూది లాగేసింది ఝవేర్. అది తిరిగి రావాలి. ఒక్కసారి వస్తే చాలు. కరమ్‌శీ పని చూసేసి మళ్లీ వేయించుకుంటాను."

"ఆ పెద్దమనిషికి జబ్బు సంగతి చెబితే సరిపోదూ? నా ఒట్టు నేను తీసి గట్టు మీద పెడతాను, ఇప్పుడే వెళ్లి చెబుతాను."

"చెబితే వాడు జాలిపడతాడు. జాలితో బట్టీ వెలుగుతుందా?"

"కరమ్‌శీ భాయ్ కోసం కాదు మీరీ పని చేస్తున్నది."

ఆయన టీవీ పెట్టబోయాడు.

"అఖాత్రీజ్ నాడు పదకొండు మంది ముందు కూర్చుని వచ్చారే, దానికోసం. అది మింగుడు పడట్లేదు మీకు. నాతో ఎందుకు దాపరికం?"

"ఇలా పదేళ్లు బతికి ఏం చేయను చెప్పు. భజనలు చూస్తూనా?"

"నా పక్కన కూర్చుని చూస్తే ఏం పోయింది?" అంది ఝవేర్‌బెన్. ఆవిడ క్యాలెండరులో కార్తీకం సూదికి ముందే చుట్టిపెట్టుకున్న గుండ్రం అలాగే ఉంచింది. ఆ తేదీ వచ్చింది, పోయింది. ఆస్పత్రి నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. ఊళ్లో లేమని చెప్పాడు.

ఆయన తనని తాను గమనించుకోవడం మొదలుపెట్టాడు. సెగలు తగ్గాయా? గడ్డం గరుకుగా వస్తోందా? ఒకరోజు బైపాసు మీద లారీవాడు దారివ్వకపోతే దిగి వాడి తలుపు మీద గుద్ది, తల్లిదండ్రుల దాకా తిట్టి వచ్చాడు. ఇంటికొచ్చి భార్యతో, "కోపమొచ్చింది ఇవాళ!" అన్నాడు, లాటరీ తగిలినట్టు. ఝవేర్‌బెన్ రొట్టెల పిండి కలుపుతూ తలెత్తలేదు. మార్గశిరానికి స్కూటరు బయటికి తీశాడు. హల్వద్ రోడ్డులో కరమ్‌శీ నేల చుట్టూ మూడుసార్లు తిరిగొచ్చి, లారీల కాటా ఎక్కడుండాలో, మట్టి నిల్వ ఎటు పెట్టాలో కాగితం మీద గీశాడు. తనే ఫోన్ చేశాడు.

"ఒరేయ్ కరమ్‌శియా, ఏం చేస్తున్నావు?"

"కూరగాయలు తెస్తున్నా."

"సంచి కోడలి మొహాన కొట్టి రా. వసంత పంచమికి కూర్చుందాం."

"ఈసారి కూడా గోడకానుకుని కూర్చుంటే అక్కడే చంపేస్తాను," అన్నాడు కరమ్‌శీ.

వసంత పంచమి ఉదయం అదే తోట. ఈసారి పధ్నాలుగు మంది. తొమ్మిది నెలలుగా ఏ పుకారూ నిజం కాలేదు. గ్యాస్ ధర పెరగలేదు, అరబ్బులు టైల్స్ ఆపలేదు. అయినా ఎవరూ పెదవి విప్పలేదు. భూదర్‌భాయ్ పళ్లేనికి దగ్గరగా కూర్చున్నాడు. గుండె దడదడలాడుతోంది. ఇదివరకు ఏడుసార్లూ ఇలా ఆడలేదు. మిరపకాయ కొరికాడు, కారం తెలియలేదు. కరమ్‌శీ ఆయన వైపు చూడకుండా నేల మీద గీతలు గీస్తున్నాడు. భూదర్‌భాయ్ చేయి చాచాడు. కొబ్బరికాయ మీద పడింది.

"కూర్చోండి మరి, ఎండెక్కేదాకా," అన్నాడు అంబారామ్ వైపు చూసి.

ఒక్కసారిగా నవ్వులు లేచాయి. కరమ్‌శీ చేయి ఎప్పటిలాగే రెండోది. అంబారామ్ మూడోది. అందరి చేతులూ పడడానికి రెండు నిమిషాలు పట్టలేదు. "గ్యాస్ గొడవ తీరిందని ఈయనకి ముందే కబురొచ్చుంటుంది," అని వెనకాల ఎవరో గొణిగారు.

మట్టి పని మొదలైంది. భూదర్‌భాయ్ రోజూ పొద్దున్నే వెళ్లేవాడు. సూది సంగతి ఝవేర్‌బెన్ గుర్తు చేస్తే, "పునాదులు లేవనివ్వు, గోడలు లేవనివ్వు," అనేవాడు. చైత్రంలో నడుము నొప్పి మొదలైంది. స్కూటరు కుదుపులనుకున్నాడు. ఒకరోజు కుర్చీలోంచి లేవబోతే ఎడమకాలు మాట వినలేదు. అప్పుడు రాజ్‌కోట్ వెళ్లారు.

డాక్టరు వసావడా వెన్నెముక ఫోటోలు వెలుగుబల్ల మీద పెట్టాడు. తెల్లటి మచ్చలు. ఎన్నో లెక్కపెట్టాల్సిన అవసరం లేదు. ఆయన తిట్టలేదు. అది చూసే ఝవేర్‌బెన్‌కి భయం వేసింది. తిట్టడానికి కూడా మిగలలేదేమో అనుకుంది.

"ఎనిమిది నెలలు," అన్నాడు డాక్టరు ఫైలు చూసి. "ఎందుకు మానేశారు?"

భూదర్‌భాయ్ చెప్పాడు. మొదటిసారి ఒక మనిషికి మొత్తం చెప్పాడు. కోరిక పోయిందని, హార్మోను వెనక్కి రావాలని మానేశానని, వచ్చిందని, వచ్చాక ఫ్యాక్టరీ పెట్టానని. "మీరు అన్నారుగా సాహెబ్, వ్యాపారం పెట్టేవాళ్లలో అది ఎక్కువుంటుందని."

డాక్టరు రక్తపరీక్ష కాగితం తిప్పి ఆయన ముందు పెట్టాడు. ఒక అంకె కింద వేలు పెట్టాడు. "ఇది మీ హార్మోను. మొన్న తీసిన రక్తం. మీ వయసు మగవాడికి ఉండాల్సినదాంట్లో మూడో వంతు కూడా లేదు. అన్నాళ్లు సూదులు పడ్డాక ఆ గ్రంథి అంత తొందరగా లేవదు. కొందరికి అసలే లేవదు. మీరు చేయి వేసింది ఎప్పుడన్నారు?"

"వసంత పంచమికి."

"అప్పటికి ఇంకా తక్కువే ఉండి ఉంటుంది."

భూదర్‌భాయ్ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "ఇంత తక్కువ సరిపోతుందా, జబ్బుకి తిండిగా?"

"దానికి ఈ కాస్త చాలు."

"మరి నా చేయి ఎలా కదిలింది?"

"అది నాకు తెలియదు భూదర్‌భాయ్," అన్నాడు డాక్టరు. "రక్తంలో కనపడదు అది."

దారిలో ఆయన కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. టంకారా ఊరు దాటాక, "ఆ సూదులు వేయించుకుంటూ కూడా వేసి ఉండొచ్చేమో చేయి," అన్నాడు. భార్యతో అన్నట్టు లేదు. మోర్బీ పొలిమేర వచ్చేదాకా ఆవిడ తన అరచేతిని రెండో చేత్తో నొక్కుకుంటూనే ఉంది.

ఇక దాచడానికి వీల్లేకపోయింది. కర్ర పట్టుకుని నడిచేవాడికి ఏమైందని అడుగుతారు. కరమ్‌శీకి భూదర్‌భాయే చెప్పాడు, ఇంటి వరండాలో, పగలు పన్నెండింటికి. కరమ్‌శీ చివరిదాకా విన్నాడు.

"అయితే అఖాత్రీజ్ నాడు నీకేం తెలీదు."

"తెలీదన్నానుగా."

"గ్యాసు లేదు, అరబ్బులు లేరు. సూది."

"సూదనుకున్నాను. ఇప్పుడు అదీ తెలీదు."

"దరిద్రుడా!" అని అరిచాడు కరమ్‌శీ. లోపల ఝవేర్‌బెన్‌కి వినిపించింది. "ఒక్క ముక్క చెప్పి ఉంటే, రోగముంది రా కరమ్‌శియా అని చెప్పి ఉంటే, నేనే వేసేవాణ్ణి చేయి. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేనే మొదట వేసేవాణ్ణి. నువ్వు ఇంట్లో కూర్చుని సూదులేయించుకునేవాడివి."

"నీ చేయి చూసి ఎవడొస్తాడ్రా?"

కరమ్‌శీ తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. "రారు," అన్నాడు. "నిజమే, రారు." తర్వాత కాసేపటికి, "అయినా అడిగి ఉండాల్సింది నువ్వు," అన్నాడు. భూదర్‌భాయ్ తల ఊపాడు.

సూదులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి వాటితోపాటు మాత్రలు, వెన్నుకి రేడియేషన్ కరెంటు. డాక్టరు పదేళ్ల మాట ఎత్తలేదు. అడిగితే, రెండు దీపావళులు చూద్దాం అన్నాడు. సెగలు తిరిగొచ్చాయి, టీవీ తిరిగొచ్చింది. ఎనిమిదో ఫ్యాక్టరీ ఆయన లేకుండానే లేచింది. విజయదశమికి బట్టీ వెలిగించారు. కరమ్‌శీ వచ్చి కారులో తీసుకెళ్లాడు. కుర్చీలో కూర్చోబెట్టి బట్టీ నోటి దగ్గరికి తీసుకెళ్లి, చేతికి కాగడా ఇచ్చారు. పధ్నాలుగు మందీ చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చాక ఝవేర్‌బెన్ ఎలా ఉందని అడిగింది.

"పెద్దగా ఉంది," అన్నాడాయన.

"సంతోషమనిపించిందా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "వేడిగా ఉంది," అన్నాడు. "తొందరగా వచ్చేయాలనిపించింది."

పెద్ద పలకలు బాగానే అమ్ముడవుతున్నాయి. కరమ్‌శీ ఇప్పుడు ఫ్యాక్టరీలోనే భోంచేస్తాడు. రెండో బట్టీ మాటలు నడుస్తున్నాయి. ఊళ్లో ఎవరిని అడిగినా, ఏడాది ఆగి సమయం చూసి దిగాడు భూదర్‌భాయ్, ఆయన లెక్క ఎన్నడైనా తప్పిందా అంటారు. జబ్బు సంగతి అందరికీ తెలిసినా ఆ మాట మారలేదు. రెండూ కలిపి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. ఆ మాటలు వరండాలో కూర్చున్న భూదర్‌భాయ్ దాకా వస్తాయి. ఔననడు, కాదనడు.

బట్టీ వెలిగించిన మరుసటి ఏడు దీపావళికి ఫ్యాక్టరీ నుంచి మిఠాయి డబ్బా వచ్చింది. మూత మీద బంగారు అక్షరాల్లో ఫ్యాక్టరీ పేరు, కింద మొదటి భాగస్వామిగా భూదర్‌భాయ్ పేరు. తెచ్చిన డ్రైవరు గేటు దగ్గర నిలబడి, "కాకా చేతికే నన్ను స్వయంగా ఇవ్వమన్నారు, అమ్మా," అన్నాడు.

"నిద్రపోతున్నారు," అంది ఝవేర్‌బెన్. ఆయన నిద్రపోవడం లేదు. లోపల టీవీ వినపడుతూనే ఉంది. ఆవిడ డబ్బా తీసుకుంది, డ్రైవరు వెళ్లేదాకా ఆగింది, ఎదురింటి ముందు ఊడుస్తున్నామెను పిలిచి మూత తెరవకుండానే చేతిలో పెట్టింది.

"ఇంత పెద్ద డబ్బానా అమ్మా? మీకు?"

"మా ఇంట్లో తినేవాళ్లు లేరు," అని తలుపేసుకుంది.